తలుపులు తెరుచుకునేలోగా

లిఫ్టు ఆగిన తీరులోనే ఆమెకు సంగతి తెలిసిపోయింది. అంతస్తుకు చేరి ఆగే లిఫ్టు మెత్తగా కుదురుకుంటుంది, కరెంటు పోయి ఆగేది మాత్రం ఎవరో వెనకనుంచి కొంగు పట్టుకు లాగినట్టు ఠక్కున ఆగుతుంది, ఆ తేడా చెవులకన్నా ముందు మోకాళ్ళకు తెలుస్తుంది. పైన లైటు ఆరిపోయి మూలనున్న చిన్న బ్యాటరీ దీపం వెలిగింది, ఫ్యాను ఇంకో రెండు చుట్లు బద్ధకంగా తిరిగి ఊరుకుంది. సరే, ఆగింది. ఇరుక్కుపోయాం అనకూడదు, ఆగింది అనాలి, ఆ ఒక్క మాట మార్చినందుకే సగంమంది ఏడుపు మానేసేవాళ్ళు, ఇన్నేళ్ళలో ఫోనులో తను వినని ఏడుపా? నగరంలో ఏ లిఫ్టు ఆగినా, లోపలున్నవాళ్ళు ఎర్ర బొత్తాం నొక్కితే మోగేది ఈ భవనం అయిదో అంతస్తులో ఉన్న సహాయ కేంద్రంలోనే, అక్కడ జవాబు చెప్పే గొంతు తనదే, తనదే అంటే జబ్బుపడి ఇంట్లో కూర్చునేదాకా తనదే. తోటివాళ్ళు నిబ్బరమక్క అని పేరు పెట్టుకున్నారు. ఆ నిబ్బరమక్క ఇవాళ సొంత ఆఫీసు లిఫ్టులో, అదీ దిగాల్సిన అయిదో అంతస్తు దాటిపోయి, తొమ్మిదికీ పదికీ మధ్య ఎక్కడో వేలాడుతోంది. ఎందుకు దాటిపోయిందంటే, చెబితే సిగ్గుచేటు, తనే దాటించింది. బస్సు దిగి నడిచివచ్చేసరికి ఆయాసం గొంతుదాకా వచ్చింది, ఆ రొప్పుతో మేనేజరు ముందు నిలబడటం ఇష్టంలేక, పదో అంతస్తు దాకా ఊరికే ఎక్కి దిగుదాం, ఈలోగా ఊపిరి కుదుటపడుతుంది, మూడో కంటికి తెలియదు, అనుకుంది. లిఫ్టులో నిలబడి విశ్రాంతి తీసుకోవచ్చన్న ఆలోచన లిఫ్టుల మనుషులకు తప్ప ఇంకెవరికి వస్తుంది? అడుసు తొక్కనేల, కాలు కడగనేల. పక్కనే నిలువెత్తు అద్దాన్ని దుప్పటిలో చుట్టి కావలించుకుని నిలబడ్డ భారీ మనిషి, అద్దాలు బిగించే అతను, “ఏమైందండీ?” అన్నాడు. ఆమె చెయ్యెత్తి ఆగమన్నట్టు సైగ చేసింది. ఇప్పుడు మాటలకు గాలి మిగలలేదు.

మొదట్లో తనూ అందరిలాగే అనుకునేది, ఆయాసమంటే గాలి అందకపోవడమని, అందుకే నోరు తెరిచి ఇంకా ఇంకా లాగేది, లాగినకొద్దీ రొమ్ము బిగుసుకుపోయేది. డాక్టరు కాగితం మీద రెండు సంచుల బొమ్మ గీసి, “గాలి లోపలికి పోవట్లేదని కాదమ్మా, పాతది బయటికి రావట్లేదు. లోపలే ఇల్లు కట్టుకుని కూర్చుంది. పాతవాళ్ళు ఖాళీ చేస్తేనే కదా కొత్తవాళ్ళు దిగేది?” అన్నాడు, అద్దె ఇళ్ళలో పెరిగిన మనిషికి ఆ మాట మందుకన్నా ముందు ఒంటికి పట్టింది. ఆ తరువాత ఊపిరి వ్యాయామాలు నేర్పిన పొట్టిజుట్టు అమ్మాయి, ఎంత నవ్వేదో అంత గట్టిది, భుజాల మీద చేతులేసి కిందికి నొక్కేది, “ఇవి చెవులకు తగిలించే జూకాలు కాదు మేడం, దింపండి” అని. పాల మీద మీగడ పక్కకు జరిగేంత ఊదండి, పాలు తొణకకూడదు, ముక్కుతో కొంచెం, పెదవులతో నిదానంగా బోలెడు. ఇప్పుడూ అంతే. నడుము ఎత్తున ఉన్న కడ్డీ మీద రెండు మోచేతులూ ఆనించి ముందుకు వంగింది, మెడ వదులు చేసింది, పెదవులు సున్నాలా చుట్టి వదలసాగింది. సంచీలో పీల్చే మందు ఉంది, చెయ్యి దానంతటదే వెతుక్కుంది, కుదిపి, ఉన్న గాలి వదిలేసి, గొట్టం పెదవుల మధ్య పెట్టుకుని, నొక్కుతూ మెల్లగా పీల్చి, కాసేపు లోపల పట్టి ఉంచింది, ఆగి మళ్ళీ ఇంకోసారి. చెయ్యి వణుకుతుంది, వణకనీ, మందుకు వణుకు మామూలే. భయం లేదు. ఉన్నదల్లా తొందర. తలుపులు తెరుచుకునేలోగా ఈ రొప్పు తగ్గాలి, అంతే, ఎందుకంటే తలుపు అవతల మేనేజరు ఉంటాడు. “ఒకసారి వచ్చి కనబడండి, మీ గొంతు వింటాను, దాన్నిబట్టి చూద్దాం. కాదంటే లోపలి గదిలో కాగితాలు సర్దే పని ఉంది. హాయి. ఎవరితోనూ మాట్లాడక్కర్లేదు,” అన్నాడు ఫోనులో. మాట్లాడక్కర్లేదట. దయతోనే అన్నాడు పాపం, ఆ దయే ముల్లులా గుచ్చుకుంది.

చిన్నప్పుడు అమ్మ అనేది, దీని నోరు మూయిస్తే ఊపిరి ఆగిపోతుందేమో అని. అలాంటి మనిషి ఇంట్లో కూర్చున్నాక ఎంత మూగదైపోయింది! కూరగాయల కొట్లో తను నోరు తెరిచేలోగా భర్తే చెప్పేస్తాడు, అరకిలో టమాటాలని, తనకు బెండకాయలు కావాలేమోనని ఎవరడిగారు? ఆయాసపడుతుందని ప్రేమ. ఆ ప్రేమతోనే రోడ్డు మీద నడిచేటప్పుడు ప్రతి కొట్టు ముందూ ఆగి అద్దాల్లోకి చూస్తాడు, తను ఆగాల్సి వచ్చిందని ఎవరికీ అనిపించకూడదని, ఊరికే చూస్తే బాగుండదని లోపలికి వెళ్ళి ఏదో ఒకటి కొంటాడు, ఇంటినిండా గొడుగులే, ఈ ఎండల్లో. నవ్వొచ్చింది. నవ్వకూడదు, నవ్వు గాలిని చిందరవందర చేస్తుంది, మీగడ, మీగడ, నిదానంగా. కొంచెం నయం. రొమ్ములో బిగుతు ఒక వేలంత వదిలింది. సరే, ఇక బొత్తాం నొక్కాలి, కబురు చెప్పాలి, ఎవరైనా చేసే పనే కదా, నొక్కింది, గంట మోగింది, అవతల లైను తెరుచుకున్న చప్పుడు వినగానే ఇన్నేళ్ళ అలవాటు నాలుక మీదికి దూకింది. “నమస్కారమండి, లిఫ్టు సహాయ కేంద్రం, చెప్పండి,” అంది తనే. అవతలి ఆడపిల్ల గొంతూ సరిగ్గా అదే మాట అంది, రెండు గొంతులూ బడిపిల్లలు పద్యం చదివినట్టు కలిసిపోయాయి. ఆమె అంతటితో ఆగిందా? “కంగారు పడకండి. మీరే భవనంలో ఉన్నారు?” అని కూడా అడిగేసింది. “నేనాండీ?” అంది ఆ పిల్ల బిత్తరపోయి, “నేను ఆఫీసులోనే ఉన్నానండి.” అద్దాల మనిషి ఈ ఇద్దరినీ నమ్ముకున్నందుకు పైప్రాణాలు పైనే పోయినట్టు చూశాడు. అప్పుడు ఆ పిల్లకు వెలిగింది. “అక్కా! మీరు నిబ్బరమక్క కదూ? నాకు పని నేర్పించేటప్పుడు మీ ఫోనులే వినిపించారు! అయ్యో, మన లిఫ్టులోనేనా? సార్ ఇక్కడే ఉన్నారక్కా, వింటున్నారు.”

వింటున్నాడు. ఒకసారి బొత్తాం నొక్కాక ఆ లైను మూతపడదని తనకన్నా తెలిసినవాళ్ళెవరు, లోపలి మనిషి మాట్లాడినా మానినా, ఏడ్చినా తుమ్మినా, మనుషులు చేరేదాకా ప్రతి చప్పుడూ అవతల స్పీకరులో వినబడాలని కదా పద్ధతి, మేనేజరు టీ కప్పు పట్టుకుని వెనక నిలబడి వినేవాడు, ఎన్నిసార్లు చూడలేదు. అంటే పరీక్ష అప్పుడే మొదలైపోయింది. తలుపులదాకా గడువు ఉందనుకుంది, ఆ గడువూ లేదు. ఈ రొమ్ములో సన్నగా వేసే ఈల, మాట మధ్యలో తెగే ఊపిరి, అన్నీ కిందికి పోతున్నాయి. అయితే ఏం చేయాలి? నోరు మూసుకోవాలి. ముక్తసరిగా నాలుగు మాటలు, మిగతా అంతా మౌనం, గాలిని పోపులపెట్టెలో దాచినట్టు దాచుకుని, తలుపులు తీశాక నిదానంగా నడిచివెళ్ళి ఆయన ముందు కూర్చుని ఒక్క గుక్కలో నమస్కారం చెబితే చాలు, కుర్చీ తనది. “ఇద్దరం. తొమ్మిది దాటాం. దెబ్బల్లేవు,” అంది, నాలుగంటే నాలుగు మాటలు, ఒక్కటీ వణకలేదు. మెకానిక్కు బయలుదేరాడక్కా అంది ఆ పిల్ల, పది నిమిషాల్లో అనలేదు, శభాష్, బాగా నేర్చుకుంది, పది అంటే పదకొండో నిమిషానికి మనుషులు తలుపులు బాదుతారు. ఆమె కళ్ళు మూసుకుని మళ్ళీ మీగడ దగ్గరికి వెళ్ళింది. అప్పుడే పక్కన దుప్పటి రాసుకున్న చప్పుడు, ఆ వెంటనే అద్దాల మనిషి గొంతు. “మేడం, నాకు ఊపిరాడట్లేదు.”

చూసింది. ఆ మనిషి ఛాతీ చూస్తే బీరువా తలుపంత ఉంది, లోపలి సంచులు ఇద్దరికి సరిపోతాయి, కానీ ముఖం నిండా చెమట, కళ్ళు తలుపుల సందులోనే ఉన్నాయి, నోరు తెరిచి గాలిని దొంగసొత్తులా గబగబా మింగుతున్నాడు. “గాలి లేదండీ ఇందులో. గాలి అయిపోతోంది.” గాలికేం కరువు నాయనా, కింద చీలికలు, పైన చీలికలు, ఇది డబ్బా కాదు జల్లెడ, అని చెప్పడానికి ఆమెకు ఒక పెద్ద వాక్యం కావాలి, ఆ వాక్యానికి కావలసిన గాలి ఇప్పుడే చెమటోడ్చి కూడబెట్టింది. స్పీకరులో ఆ పిల్ల, “కంగారు పడకండి సార్, గట్టిగా ఊపిరి పీల్చుకోండి, ఇంకా గట్టిగా,” అంటోంది, అతను ఇంకా గట్టిగా లాగుతున్నాడు, అద్దం అతని చేతుల్లో ఊగుతోంది, వేళ్ళు తిమ్మిరెక్కుతున్నాయంటున్నాడు, అది పగిలితే ఈ ఇరుకులో ఎక్కడ నిలబడాలి? చెప్పేవాడికి వినేవాడు లోకువ, గట్టిగా పీల్చుకోమనడం సులువే, నిండిన బిందెలో ఇంకో చెంబు పోయమన్నట్టు. నోరు మూసుకుని ఉంటే కుర్చీ దక్కుతుంది. ఇతను ఎవరు? అద్దం దించి వెళ్ళిపోయే మనిషి, రేపు ఎదురైతే గుర్తుపట్టడు. కానీ ఆ గొంతు! ఊపిరాడట్లేదు అన్న గొంతు విని ఊరుకోవడం ఆమెకు ఏనాడూ చేతకాలేదు, దానికోసమే కదా ఆ కుర్చీ. పని వదులుకుని పని సంపాదించుకోవడమేమిటి, నవ్విపోరూ?

“బాబూ, ఇటు చూడు,” అంది. అతను చూశాడు. “అద్దం గోడకు ఆనించు.” ఆనించాడు, చేతికి పని దొరగ్గానే మనిషి సగం నేల మీదికి వస్తాడు. “కూర్చో.” కూర్చున్నాడు, తనూ కూర్చుంది, మోచేతులు మోకాళ్ళకు ఆనించి, తనేమీ చెప్పకుండానే అతనూ అలాగే కూర్చున్నాడు. మామూలుగా అయితే ఇక్కడ తను కబుర్లలోకి దించేది, పిల్లలెంతమంది, ఏ రంగు చొక్కా వేసుకున్నావు, ఇవాళ ఏం తిన్నావు, మాటల దారం విప్పుతూ పోతే ఎంతటివాడైనా ఆ దారం పట్టుకుని వచ్చేసేవాడు. ఇప్పుడా దారం లేదు. సంచీలోంచి అరచేతిలో పట్టే బ్యాటరీ ఫ్యాను తీసింది, ముఖానికి గాలి తగిలితే ఊపిరికి ధైర్యం వస్తుందని పొట్టిజుట్టు అమ్మాయి కొనిపించింది, నిజానికి తనకే కావాలిప్పుడు, అయినా అతని చేతిలో పెట్టి ముక్కు వైపు తిప్పింది. “వదులు,” అంది. “పీల్చకు. వదులు.” అని తన పెదవులు చుట్టి చూపించింది. అతను ఆమె నోటినే చూస్తూ ఊదాడు, మొదట తుస్సుమని, తరువాత కొంచెం పొడుగ్గా. ఆమె చెయ్యి గాలిలో మెల్లగా దించుతూ పోయింది, చెయ్యి నేలకు తాకేదాకా వదలాలి, అది అక్కడికక్కడ పుట్టిన పద్ధతి, ఎవరూ నేర్పలేదు. అతని భుజాలు దిగాయి. ఆమె మాట ఒక్కటీ లేదు, ఉత్త ఊపిరే ఉంది, రెండు ఊపిరులు, ఒకటి ఈలతో, ఒకటి ఈల లేకుండా, కింద స్పీకరులో ఆ పిల్ల కూడా మాట్లాడటం మానేసింది, ఆమె కూడా ఊదుతోందేమో ఎవరు చూడొచ్చారు.

అంతా బాగుందనుకున్న క్షణంలోనే తన ఊపిరి చేజారింది. ఆడిన నాలుగు మాటల ఖర్చు, కింద కూర్చోవడానికి వంగిన ఖర్చు, అన్నీ కలిసి ఒక్కసారే వసూలుకు వచ్చాయి. నడుము పట్టీ రొమ్ముకు వేసి ఎవరో బిగిస్తున్నారు, ఇంకో రంధ్రం, ఇంకో రంధ్రం. వదులుదామంటే వదలడానికి రావట్లేదు, లాగుదామంటే చోటు లేదు, చెవుల్లో హోరు, కళ్ళ ముందు బ్యాటరీ దీపం ఒక్కటే, చుట్టూ మసక. మొదటిసారి ఇలా అయిన రోజు ఆయన తలుపు దగ్గర చెప్పులు దొరక్క వెతుక్కుంటున్నాడు, తను వంటింటి గట్టు పట్టుకుని నిలబడి, ఇంతేనా, పొయ్యి మీద పాలు కూడా దించలేదే అనుకుంది, చచ్చేముందు మనిషికి పాలు గుర్తురావడమేమిటి. చావలేదు. ఆ రోజూ చావలేదు, ఆ తరువాత వచ్చినప్పుడూ చావలేదు, ఇది వస్తుంది, కొండంతగా వస్తుంది, పోతుంది, ఒక్కసారైనా పోకుండా ఉందా? లిఫ్టు కూడా అంతే, కరెంటు పోతే పడిపోతుందని జనం భయం, అసలు సంగతి వేరు, బ్రేకు తెరిచి ఉంచడానికే కరెంటు కావాలి, పోగానే అదే గట్టిగా పట్టేసుకుంటుంది. పట్టేసుకుంది, అంతే. పట్టుకున్నది వదులుతుంది. ఎన్ని గొంతులకు చెప్పింది ఆ మాట, ఇప్పుడు తనకు చెప్పుకుంటే నమ్మదా? నమ్మింది. భుజాలు దించింది. ఎంత వస్తే అంత, చిటికెడైనా సరే, పెదవుల మధ్య నుంచి వదలడం మొదలుపెట్టింది. రొమ్ములో ఈల గట్టిగా వినబడుతోంది, చిన్న లిఫ్టు, చప్పుడు ఇంకా పెద్దదవుతుంది, కింద ఆఫీసంతా వింటోంది, మేనేజరు కప్పు పట్టుకుని వింటున్నాడు. దాచాలని కొంగు నోటికి అడ్డం పెట్టుకోబోయింది. కొంగు అడ్డుపెడితే ఊదడం కుదరదు. ఆ సంగతి తెలిశాక ఇక ఆలోచించేదేముంది, కొంగు వదిలేసింది. విననీ. ఇదే తన ఊపిరి, ఇంతకన్నా మంచిది ఇక రాదు, దీనితోనే కూర్చుంటుంది, దీనితోనే మాట్లాడుతుంది, నచ్చితే నచ్చుతుంది. ముఖానికి చల్లగా తగిలింది. అద్దాల మనిషి, ఎవరూ అడగకుండానే, ఫ్యాను ఆమె వైపు తిప్పి పట్టుకున్నాడు, ఇంకో చెయ్యి ఆమె చూపించినట్టే గాలిలో పైనుంచి కిందికి దించుతున్నాడు, మెల్లగా, నేలకు తాకేదాకా. ఆమె ఆ చెయ్యి వెంట వదిలింది. మళ్ళీ. మళ్ళీ. పట్టీ ఒక రంధ్రం వదులైంది.

తరువాత పైన లిఫ్టు మోటారు గదిలోంచి మెకానిక్కు గొంతు వినబడింది, “బ్రేకు వదులుతున్నానండీ, లోపల కదలకండి,” అని, లిఫ్టు నిద్రలోంచి లేచినట్టు మెల్లగా పైకి జరిగింది. అద్దాల మనిషి మళ్ళీ బిగుసుకున్నాడు, కరెంటు లేకుండా పైకి ఎలా పోతుందని. “అవతలి బరువు ఎక్కువ,” అంది ఆమె, తాడుకు అటు కొసన వేలాడే ఇనుప దిమ్మల మాట అది, “మనం తేలిక,” అంది, ఆ రెండు ముక్కలు చాలాయి, అతను నవ్వాడు కూడా, అతన్ని ఎవరైనా తేలిక అనడం అదే మొదటిసారి అయ్యుంటుంది. తలుపులు పదో అంతస్తులో తెరుచుకున్నాయి. ఎదురుగా ఎవరూ లేరు, ఖాళీ వరండా, కిటికీలోంచి పగటి వెలుతురు, ఆ వెలుతురుకే ఆమె కళ్ళల్లో నీళ్ళొచ్చాయి, బతికున్నందుకు సంతోషమేస్తే ఎందుకు దాచుకోవాలి. లేచి, కడ్డీ పట్టుకుని, నాలుగడుగులు వేసి మెట్ల మీద కూర్చుంది, లేచి నిలబడి ఎదురుచూడాలని గానీ, జుట్టు సర్దుకోవాలని గానీ అనిపించలేదు. మోచేతులు మోకాళ్ళ మీద పెట్టుకుని నిదానంగా ఊదుతూ కూర్చుంది. రొప్పు ఉంది. తగ్గుతోంది. అద్దాన్ని భద్రంగా బయటికి తెచ్చి గోడకు ఆనించి, అతనూ వచ్చి పక్కన కూర్చున్నాడు.

కింద మెట్ల మీద ధనధనమని బూట్ల చప్పుడు మొదలైంది. ఏడో అంతస్తు దగ్గర కాస్త నెమ్మదించింది, ఎనిమిది దగ్గర ఆగి, మళ్ళీ మొదలై, తొమ్మిది దగ్గర చప్పుడుకన్నా ఊపిరే ఎక్కువ వినబడింది. చెవిపెట్టి వింటే చాలు ఆమెకు, ఎంతమంది ఊపిరి వినలేదు, మనిషి కంగారుపడి పరుగెత్తుకు వస్తున్నాడు, నోటితో లాగుతున్నాడు, పొట్ట అడ్డొస్తోంది, అలవాటు లేని మెట్లు. మలుపు తిరిగి మేనేజరు కనబడ్డాడు. ముఖం కందిపోయింది, టై భుజం మీదికి ఎగిరిపోయింది, రెండు చేతులతో రెయిలింగును కావలించుకుని నిలబడి, ఆమె వైపు చూసి ఏదో అడగబోయాడు, మాట రాలేదు, మళ్ళీ అడగబోయాడు. “మీకు... మీరు...” అన్నాడు, అంతే. ఆమె పక్కకు జరిగి మెట్టు మీద చోటిచ్చింది. “కూర్చోండి సార్. మోచేతులు మోకాళ్ళ మీద.” ఆయన చెప్పినట్టు కూర్చున్నాడు, అంత పెద్ద మేనేజరు. “విన్నాను,” అన్నాడు రొప్పుతూనే, “అతన్ని... మీరు... అంతా... విన్నాం. సోమవారం నుంచి... మీ కుర్చీ...”

“మాట్లాడకండి సార్,” అంది ఆమె. “సగం మాట చాలు, అర్థమైంది. ముందు ఊదండి.”

మేనేజరు పెదవులు చుట్టి ఊదాడు. “ఇంకా నిదానంగా సార్, మేడం చెయ్యి చూడండి,” అన్నాడు అద్దాల మనిషి.